తిరుపతి ఫ్లాటులో చలిగాలి: అద్దాలు మార్చే ముందు సందులు మూయించండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. అలిపిరి వైపు అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. అమ్మగారు, నాన్నగారు ఇద్దరే ఉంటున్నారు, మీరు బెంగళూరులో ఉన్నారు. పడకగదికి ఉత్తరాన, కొండ వైపు, పెద్ద అల్యూమినియం స్లైడింగ్ కిటికీ ఉంది. డిసెంబరు వచ్చేసరికి మూసిన కిటికీలోంచే గాలి కొడుతోంది. అమ్మగారికి ఆయాసం, మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నాయి. కిటికీల అంగడివాళ్లు కిటికీలన్నీ తీసేసి యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల్లో రెండు పొరల అద్దం పెట్టించమన్నారు. అమెరికా వీడియోల్లో చూపించే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్ము అతికిస్తే సరిపోతుందా అనేది మీ రెండో ప్రశ్న.

ఇప్పటికి ఆ రెండూ వద్దు. ఉన్న కిటికీకే సందులు మూయించండి. పని తెలిసిన మనిషి ఒక పూటలో చేసే పని అది. నేను చాలా ఏళ్లుగా కిటికీల పనిలో ఉన్నాను. తిరుపతి, చిత్తూరు, పలమనేరు ఇళ్లలో ఈ ఫిర్యాదు విన్నప్పుడల్లా దాదాపు ఒకటే కారణం కనిపిస్తుంది: గాలి కిటికీ రెక్కల మధ్య నుంచి, ఫ్రేముకూ గోడకూ మధ్య నుంచి వస్తుంది. అద్దం ఎంత మందంగా ఉన్నా ఆ సందులు అలాగే ఉంటే గాలి ఆగదు.

అంగడివాళ్ల మాట ఎందుకు వద్దంటున్నానో లెక్కతోనే చెబుతాను. మీ కిటికీ 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు అనుకుందాం. అంటే సుమారు 1.86 చదరపు మీటర్లు. ఒక పొర అద్దంలోంచి చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5.8 వాట్ల వేడి బయటికి పోతుంది. మామూలు రెండు పొరల అద్దమైతే సుమారు 2.8 వాట్లు. తిరుపతిలో డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటాయి. గది లోపల 24 ఉందనుకుంటే తేడా 5 డిగ్రీలు. ఒక పొర అద్దంలోంచి పోయే వేడి 54 వాట్లు, రెండు పొరల అద్దంలోంచి 26 వాట్లు. అంత ఖర్చు పెట్టి ఆదా చేసింది 28 వాట్లు. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచే 70 వాట్ల వేడి వెలువడుతుంది. రాత్రుళ్లు సున్నా కంటే చాలా కిందికి పడిపోయే దేశాల్లో ఈ తేడా 30 డిగ్రీలు దాటుతుంది, అక్కడ రెండు పొరల అద్దం తప్పనిసరి. మన ఊళ్లో చలికాలం కోసమే దానికి డబ్బు పోయడం దండగ.

ఇప్పుడు సందు సంగతి చూడండి. రెక్కలు కలిసేచోట, కింద పట్టాల దగ్గర కలిపి 3 మీటర్ల పొడవున 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉందంటే అది మొత్తం 60 చదరపు సెంటీమీటర్లు. గోడకు 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు రంధ్రం కొట్టి వదిలేసినట్టే లెక్క. దానికి తోడు మంచం కిటికీ పక్కనే ఉంటే ఆ గాలి నేరుగా మెడకూ మోకాళ్లకూ తగులుతుంది. గదిలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా తగ్గకుండానే మనిషి వణికిపోతాడు. అమ్మగారి బాధ ఇదే అయి ఉంటుంది.

కొండ పక్కన ఉండటం కూడా ఒక కారణం. ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం, తూర్పు కిటికీలకే దెబ్బ. పైగా రాత్రిపూట శేషాచలం వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. కపిలతీర్థం, అలిపిరి, జీవకోన వైపు ఉన్నవాళ్లకు తెల్లవారుజామున తగిలే చలి ఊరి మధ్యలో ఉన్నవాళ్లకు తగలకపోవడానికి ఇదీ ఒక కారణం. పలమనేరులో మీ పెద్దమ్మగారి ఇల్లు ఇంకా చల్లగా ఉంటుందన్నారు, నిజమే. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పలమనేరు సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 150 మీటర్ల పైచిలుకు. ఆ ఎత్తుకే మూడు డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో నాలుగైదు డిగ్రీలు. పలమనేరులోనైనా ముందు చేయవలసింది సందుల పనే.

ఫిల్ము గురించి రెండు మాటలు. అది కిటికీ ఫ్రేము చుట్టూ అతికించి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి బిగుతుగా లాగే పొర. అమెరికాలో చలి ఎక్కువున్న చోట్ల నెలల తరబడి కిటికీ తెరవరు, హీటర్లు నడుస్తాయి, వాళ్లకు సరిపోతుంది. మనం పొద్దున పది గంటలకు ఎండ రాగానే కిటికీలు తెరుస్తాం, తెరవాలి కూడా. ఆయాసం ఉన్నవారి గదికి పగటిపూట గాలీ వెలుతురూ రాకుండా చేయకూడదు. ఈశాన్య రుతుపవనాల తేమ ఫిల్ము వెనక చేరితే ఫ్రేము మూలల్లో బూజు పడుతుంది, ఆ బూజు ఆయాసం ఉన్నవారికి మంచిది కాదు.

ముందు గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి. రాత్రి గదుల మధ్య తలుపులు తెరిచి, బయటి తలుపులు, కిటికీలు అన్నీ మూసి, ఫ్యాన్లు ఆపి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. పొయ్యి, గ్యాసు గీజరు వెలిగి ఉన్నప్పుడు మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగుతుంది, ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి సందుల్లోంచి గట్టిగా దూరుతుంది. అందరూ అగరుబత్తి పట్టుకుని చూడమంటారు. అమ్మగారికి ఆయాసం కాబట్టి మీ ఇంట్లో పొగ వద్దు. పలచని టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పున చింపి, పైకొసన పట్టుకుని ఫ్రేము చుట్టూ నెమ్మదిగా జరపండి. కాగితం ఊగినచోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టండి. గుర్తులు చూశాకే ఏ సామాను కొనాలో తెలుస్తుంది. సామాను ముందు కొని చోటు తర్వాత వెతికేవాళ్లే ఎక్కువ, అక్కడే డబ్బు వృథా అవుతుంది.

స్లైడింగ్ కిటికీలో గుర్తులు ఎక్కువగా పడేది రెక్కల అంచుల్లో. రెక్క జరగాలంటే పట్టాకూ దానికీ మధ్య కొంత ఖాళీ తప్పదు. ఆ ఖాళీని పూడ్చడానికి రెక్క అంచున ఉన్న గాడిలో సన్నని కుచ్చు పట్టీ ఉంటుంది. అంగట్లో ఊల్ పైల్ అంటారు, కొందరు బ్రష్ అంటారు. కొత్తలో అది నిలువుగా, ఒత్తుగా ఉంటుంది. నాలుగైదేళ్లకు దుమ్ము పట్టి, ఒక పక్కకు అణిగిపోయి, పాత పళ్లబ్రష్షులా తయారవుతుంది. చాలా ఇళ్లలో దాన్ని ఒక్కసారి కూడా మార్చి ఉండరు. మీ అపార్ట్‌మెంటు కట్టి పన్నెండేళ్లయిందన్నారు కాబట్టి మీ కిటికీలో అది ఉన్నా లేనట్టే.

దాన్ని మార్చడానికి రెక్కను పైకి ఎత్తి, పై పట్టాలోకి నెట్టి, కింది అంచును గదిలోపలికి లాగి దించాలి. ఇద్దరు మనుషులు కావాలి, అద్దం బరువు ఒక్కరు ఆపలేరు. మూడో అంతస్తులో బయటికి వంగి చేయవలసిన పని ఇందులో ఏదీ లేదు, ఎవరినీ వంగనివ్వవద్దు. నాన్నగారిని రెక్క ఎత్తనివ్వకండి. దించిన రెక్కను దుప్పటి పరిచిన నేల మీద పెట్టి, పాత పట్టీని ముక్కు పట్టకారుతో ఒక కొస నుంచి లాగాలి, మొత్తం పొడవునా ఊడి వస్తుంది. గాడిలో పేరుకున్న మట్టిని స్క్రూడ్రైవరు కొసతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. పాత పట్టీలో అంగుళం ముక్క అంగడికి తీసుకెళ్లండి. చూడవలసినవి రెండు కొలతలు: గాడిలో కూర్చునే అడుగు పట్టీ వెడల్పు, కుచ్చు ఎత్తు. కుచ్చు అణిగిపోయి ఉంటుంది కాబట్టి ముక్కలో కనిపించే దానికంటే ఎక్కువ ఎత్తుదే కావాలి. అసలు ఎత్తు తెలియాలంటే పట్టీ కొసలు చూడండి, రాపిడి తగలని చోట కుచ్చు ఇంకా నిలబడే ఉంటుంది. ఎత్తు మరీ ఎక్కువైతే రెక్క బిగుసుకుపోయి అమ్మగారు జరపలేరు. కుచ్చు మధ్యలో పలచని ప్లాస్టిక్ రెక్క ఉండే రకం దొరికితే అదే అడగండి, గాలి ఇంకా బాగా ఆగుతుంది. కొత్త పట్టీని గాడిలో దూర్చాక రెండు కొసల్లో గాడి అంచును పట్టకారుతో కొంచెం నొక్కించండి, లేకపోతే రెక్క జరిపిన ప్రతిసారీ పట్టీ జారి బయటికొస్తుంది.

రెక్క దించినప్పుడే కింది చక్రాలు చూడండి. చక్రం అరిగితే రెక్క ఒరుగుతుంది, ఒరిగిన రెక్కకూ పక్క ఫ్రేముకూ మధ్య ఒక కొసన సన్నగా, మరో కొసన వెడల్పుగా త్రికోణం సందు కనిపిస్తుంది. ఆ సందును ఏ పట్టీ మూయలేదు. చక్రం ఎత్తు సరిచేసే స్క్రూ రెక్క పక్కన కింద ఉంటే దాన్ని తిప్పి రెక్కను నిటారు చేయవచ్చు, లేకపోతే చక్రాలు మార్చాలి. ఇక రెండు రెక్కలు మధ్యలో కలిసే కడ్డీ దగ్గర, సరిగ్గా పై కొసన, కింది కొసన వేలికొన పట్టేంత రంధ్రం మిగులుతుంది. కొత్త కిటికీల్లో కూడా ఉంటుంది. దానికి చిన్న రబ్బరు దిమ్మె గానీ కుచ్చు అతికించిన ముక్క గానీ పట్టా మీద అతికిస్తే చాలు. పనివాళ్లు దీన్ని వదిలేస్తారు, మీరు అడిగి చేయించండి.

రెండో పెద్ద దారి ఫ్రేముకూ గోడకూ మధ్య. కిటికీ బిగించినప్పుడు ఆ ఖాళీని తెల్ల సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చి రంగు వేస్తారు. ఎండకు అల్యూమినియం సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, పుట్టీకి ఆ గుణం లేదు, పగులుతుంది. మన వైపు గ్రానైటు బాగా దొరుకుతుంది కాబట్టి కిటికీ కింద గడపకు గ్రానైటు పలక వేయడం అలవాటు. ఆ పలకకూ కింది ఫ్రేముకూ మధ్య సందు మాత్రం చాలాచోట్ల తెరిచే ఉంటుంది. గోరు దూరితే గాలీ దూరుతుంది, వానలో నీళ్లూ దూరుతాయి. పగిలిన పుట్టీని గీకి తీసి, దుమ్ము దులిపి, సిలికాన్ (గొట్టంలో వచ్చే, ఆరాక రబ్బరులా మారే జిగురు) పట్టించాలి. సందు వేలి మందం దాటితే ముందు ఫోము తాడు లోపలికి కూరి, దాని మీద సిలికాన్ వేయాలి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అని గట్టిగా అడగండి. వెనిగరు వాసన వచ్చే చవక రకం సిమెంటు పూత మీద, రాతి మీద సరిగా పట్టదు, పాలరాతికి మరక కూడా చేస్తుంది. 6 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు వేస్తే 300 మిల్లీలీటర్ల గొట్టం ఒకటి సుమారు 8 మీటర్లకు వస్తుంది, మీ కిటికీ చుట్టుకొలత 5.5 మీటర్లు. సిలికాన్ మీద రంగు అంటదు. లోపలి వైపు గోడ రంగులో కలవాలంటే అక్కడ అక్రిలిక్ సీలెంటు వాడి దాని మీద రంగు వేయించండి.

ఇక్కడ ఒక విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. కింది పట్టాకు బయటి వైపు సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి గాలి వస్తోందని సిలికాన్ పూసేస్తారు. అవి వాననీళ్లు బయటికి పోయే దారులు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వాన గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. 2021 నవంబరు వరదల వానను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానను తిరుపతివాళ్లు మరిచిపోరు. అలాంటి రోజున ఆ రంధ్రాలు మూసి ఉంటే పట్టా నిండి నీళ్లు నేరుగా మంచం మీదికి పొర్లుతాయి. చాలా ఇళ్లలో కిటికీ కారుతోందని పిలిస్తే వెళ్లి చూసిన దృశ్యం ఇదే, కారణం కిటికీ కాదు, మూసిన రంధ్రం. వాటిని పిన్నుతో శుభ్రం చేయించండి. గాలి మరీ ఎక్కువైతే నీళ్లకు మాత్రమే తెరుచుకునే చిన్న ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, అవి పెట్టించండి.

పెద్దమ్మగారి ఇంట్లోవి పాత చెక్క కిటికీలన్నారు. వాటి పని వేరు. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. డిసెంబరులో బిగుసుకుపోయిందని రందా పట్టించారంటే ఏప్రిల్‌లో సందు ఇంకా పెరుగుతుంది, ఆ పని చేయించవద్దు. రెక్క ఆనుకునే మెట్టు అంచున ఈపీడీఎం అనే, ఎండకు తట్టుకునే రబ్బరు పట్టీ అతికించండి. చవక ఫోము టేపు ఒక ఎండాకాలం గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతుంది. ముందు ఒక పరీక్ష చేయండి. రెక్కకూ ఫ్రేముకూ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా ఊడి వస్తే అక్కడ రెక్క ఆనడం లేదు. చాలాసార్లు తప్పు గడియది. గడియ దూరే రంధ్రం అరిగి పెద్దదై రెక్క వదులుగా నిలుస్తుంది. గడియ పట్టే కొక్కేన్ని ఒక పిసరు లోపలికి జరిపి మళ్లీ బిగిస్తే రెక్క ఫ్రేముకు గట్టిగా అదుముకుంటుంది. చెక్క పగుళ్లకు రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చే వడ్రంగుల పద్ధతి ఇప్పటికీ మంచిదే.

కిటికీల దగ్గరే ఆగిపోకండి. ఏసీ పైపు గోడలోంచి వెళ్లే రంధ్రం తరచుగా పైపు కంటే రెట్టింపు పెద్దదిగా ఉంటుంది. ఏసీ వెనక ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. దాన్ని పుట్టీతో మూయించండి. ముఖ్య ద్వారం కింద సందుకు తలుపు అంచున బిగించే రబ్బరు పట్టీ చాలు, చీమలు, బొద్దింకలు కూడా తగ్గుతాయి.

మూయకూడనివి కూడా ఉన్నాయి, దీన్ని నాన్నగారికి మీరే స్వయంగా చెప్పండి. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే అక్కడి వెంటిలేటరు ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తున్న మనిషి అక్కడే కుప్పకూలిపోతాడు. గీజరును గది బయట పెట్టించడం అన్నిటికంటే మంచిది. వంటగ్యాసు గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, వంటింట్లో కింది వైపు గాలి పోయే దారి ఉండాలి. చలి ఎక్కువగా ఉందని పడకగదిలో కుంపటి పెట్టి తలుపులు మూసుకోవడం పలమనేరు వైపు పెద్దవాళ్లకు పాత అలవాటు. సందులున్న పాత ఇంట్లో కూడా అది ప్రమాదమే, సందులు మూసిన ఇంట్లో ప్రాణం తీస్తుంది. సందుల పని చేయించిన రోజే కుంపటిని ఇంట్లోంచి పంపేయండి.

సందుల పని అయ్యాక కూడా తెల్లవారుజామున కిటికీ పక్కన చల్లగా అనిపిస్తే అది అద్దానికి తగిలి చల్లబడి కిందికి జారే గాలి. దానికి తెర చాలు. తెర కిటికీ కంటే రెండు పక్కలా జానెడు ఎక్కువ ఉండాలి, కింద గడపను దాటి దిగాలి. శ్రీకాళహస్తి కలంకారీ తెరలు ఉన్నాయన్నారు. అవి పలచని నూలు గుడ్డ, వెనక దళసరి గుడ్డ కుట్టిస్తే అందమూ పోదు, చలీ ఆగుతుంది. మంచాన్ని కిటికీ నుంచి రెండు అడుగులు జరపండి. దోమల కోసం రాత్రంతా ఫ్యాను వేసుకుంటున్నారా అని కూడా అడగండి. మన ఇళ్లలో కిటికీ గాలి అనుకునే దానిలో సగం తలమీద తిరిగే ఫ్యాను గాలే. దోమతెర కట్టి ఫ్యాను ఆపితే అమ్మగారికి ఆ రాత్రే తేడా తెలుస్తుంది.

రెండు పొరల అద్దం పూర్తిగా పనికిరానిదని చెప్పడం లేదు. మే నెలలో బయట 42, ఏసీ గదిలో 25 ఉన్నప్పుడు తేడా 17 డిగ్రీలు, చలికాలం తేడాకు మూడు రెట్లకు పైనే. ఏసీ రోజంతా నడిచే గదికి అప్పుడు ఆలోచించవచ్చు. ఈ సందుల పని ఆ వేసవిలో కూడా కరెంటు బిల్లు తగ్గిస్తుంది. కిటికీలు ఎప్పుడు మార్చినా పడకగదికి మళ్లీ స్లైడింగ్ వద్దు. తలుపులా తెరుచుకుని, మూసినప్పుడు చుట్టూ రబ్బరుకు అదుముకునే రకం తీసుకోండి. మీ కిటికీకి గ్రిల్లు ఏ వైపు ఉందో చూసి రెక్క లోపలికి తెరవాలో బయటికి తెరవాలో ముందే తేల్చుకోండి, ఆర్డరు ఇచ్చాక మార్చడం కుదరదు.

పనికి రోజు ఎంచుకునేటప్పుడు వాన కనీసం రెండు రోజుల ముందే ఆగి, గోడ ఆరి ఉండాలి. తడి గోడకు సిలికాన్ అంటదు, అంటినట్టు కనిపించి నెలకు ఊడుతుంది. పొద్దున మొదలుపెట్టిస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. సిలికాన్ పైపొర కాసేపట్లో గట్టిపడుతుంది గానీ లోపల రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే ఆరుతుంది. ఆ వాసన పోయేదాకా అమ్మగారిని ఒకటి రెండు రాత్రులు వేరే గదిలో పడుకోమనండి, పని జరిగిన గది కిటికీ తెరిచి ఉంచండి. పనివాడు వెళ్లిపోయే ముందు నాన్నగారిని టిష్యూ కాగితంతో మళ్లీ ఒకసారి అన్ని గుర్తుల దగ్గరా చూడమనండి, ఎక్కడైనా కాగితం ఊగితే డబ్బు ఇచ్చే ముందే సరిచేయించుకోవచ్చు.